చేతి అచ్చులు

మా అబ్బ సర్దార్ పదిహేడేళ్ళు పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో ఒళ్ళు కాల్చుకుని, ఎనభై అయిదో సంవత్సరం దీపావళి వెళ్ళిన వారానికి నరసరావుపేటలో బొమ్మలకు కాపలా ఉండే పనిలో చేరాడు. బట్టీల బజారుకు కొన్నాళ్ళపాటు అదే నవ్వులాట. "అయ్యేమన్నా లేచి పారిపోతయ్యా సర్దారన్నా, కాపలా దేనికీ?" అని అడిగేవాళ్ళు. అబ్బ కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. నవ్వినప్పుడు ఆయన ఎడమ కంట్లోంచి నీళ్ళు కారేవి. ఆ కంటి మీద అప్పటికే మీగడ లాంటి తెల్లటి పొర కమ్మింది.

నవ్వని మనిషి మా అమ్మ జైనాబ్ బీ ఒక్కతే. పేటలో కళ్ళ డాక్టరు చెప్పిన మాట ఆమె చెవుల్లోంచి పోలేదు. "ఈ కన్ను పోయినట్టే. సున్నం దుమ్ము మానకపోతే రెండోది కూడా ఏడాది తిరక్కుండా పోతుంది," అన్నాడట. కాబట్టి ఆ ఉద్యోగం మా ఇంట్లో ఎవరికీ నవ్వులాట కాదు. అబ్బ కుడి కన్ను దాని మీదే ఆధారపడి ఉంది.

ఉద్యోగం ఇచ్చినాయన పేరు అంతోని మాస్టారు. డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. మూతపడ్డ పత్తి మిల్లు గోడౌను ఒకటి కమిటీ సాయంతో బాగుచేయించి, అందులో చిత్రశాల పెట్టాడు. గోడల నిండా రంగుల బొమ్మలు, నడిమధ్య రాతి విగ్రహాలు. వారానికి రెండు బళ్ళ చొప్పున పిల్లల్ని పిలిపించేవాడు. చూడటానికి అరగంట, చెయ్యటానికి గంటన్నర అని ఆయన లెక్క. బొమ్మలు చూడటం అయ్యాక పిల్లలందరినీ వెనక గదిలో కూర్చోబెట్టి, బంకమట్టో రంగులో ప్లాస్టరో చేతికిచ్చి, ఏదో ఒకటి వాళ్ళ చేతే చేయించాలి. ఆ గదిలో పనికి పొడి స్వభావం తెలిసిన మనిషి కావలసి వచ్చింది. గోడలకు వెల్ల వేయించటానికి సున్నం కొందామని మా బట్టీకి వచ్చినప్పుడు, అబ్బ పొడిని రెండు వేళ్ళ మధ్య నలిపి మంచీ చెడ్డా చెప్పే తీరు చూసి, "నాతో వస్తావా?" అని అక్కడికక్కడే అడిగాడు. శివరాత్రి దాకా టెంపరరీ. ఈ నాలుగు నెలలూ పిల్లల రాకపోకలు సవ్యంగా జరిగితే కమిటీ వాళ్ళు పర్మినెంటు చేస్తారు.

ఆ చలికాలమంతా అబ్బ పొద్దున బస్సెక్కి వెళ్ళి, దీపాలు పెట్టే వేళకు ఇంటికొచ్చేవాడు. ఒంటి మీద సున్నపు వాసన లేని అబ్బను నేను అంతకు ముందు ఎరగను. దగ్గు తగ్గింది. అన్నం తింటూ కబుర్లు చెప్పేవాడు. అంతకు ముందు అన్నం ముందే కునికేవాడు.

"ఒక బొమ్మలో వాన పడతంటది బేటా. పొద్దున తాళం తీసినప్పుడు పడతంటది, సాయంత్రం తాళం వేసినప్పుడూ పడతంటది. నేనొక్కణ్ణే ఉన్నప్పుడు దాని ముందర నిలబడి చూస్తా," అన్నాడు ఒకసారి. ఏ బొమ్మ గురించి అడిగినా అంతే, అందులో ఏం జరుగుతోందో చెప్పేవాడు. ఎవరు వేశారో, ఎంత గొప్పదో ఆయనకు పట్టేది కాదు.

అన్నిటికంటే ఎక్కువగా పిల్లల చేతుల గురించి చెప్పేవాడు. ఆ గదిలో పిల్లలకు బాగా ఇష్టమైన పని చేతి అచ్చులు తియ్యటం. అబ్బ పిల్లల అరచేతులకు ఆముదం రాసి, పళ్ళెంలో ప్లాస్టర్ కలిపి పోసి, అది చిక్కబడుతుండగా చెయ్యి ఆనించమనేవాడు. గట్టిపడేదాకా కదపకూడదు. గట్టిపడేటప్పుడు ప్లాస్టర్ తనంతట తానే గోరువెచ్చగా అవుతుంది. చెయ్యి తీస్తే గీతలతో సహా అచ్చు పడుతుంది.

"ఇయ్యాల ముప్పాళ్ళ బడి పిల్లలొచ్చారు. ఒక పాప చెయ్యి ఎంతుందో తెలుసా? ఇంతే. నూనె రాస్తుంటే కితకితలని ఒకటే నవ్వు. నన్ను తాతా అంది."

"ఊళ్ళో పిల్లల చేతులన్నిటికీ ఆముదం రాస్తావు, మన పిల్ల తల చూడు, చీకేసిన తాటి టెంకలాగా ఎట్టుందో," అనేది అమ్మ. పైకి దెప్పుడే గానీ, ఆ నాలుగు నెలల్లో అమ్మ ముఖం చూస్తే పదేళ్ళు తగ్గినట్టు ఉండేది.

నాకు మాత్రం ఆ పిల్లలంటే ఒళ్ళు మండేది. ఈ మాట ఇప్పుడు సిగ్గు విడిచి చెప్పుకోవాలి. నాకు పన్నెండేళ్ళు. బట్టీలో ఉన్నన్నాళ్ళూ అబ్బ అలసిపోయి నాతో ఆడలేదు. ఇప్పుడు తీరిక వచ్చింది, నవ్వు వచ్చింది, అదంతా బెల్లంకొండ పిల్లలూ ముప్పాళ్ళ పిల్లలూ పంచుకుపోతుంటే, మిగిలిన కబుర్లు వినటం నా వంతయింది. మా బడి వంతు ఎప్పుడొస్తుందా అని రోజులు లెక్కపెట్టుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు. మా బజారులో పిల్లలకు బడి కంటే ముందు నేర్పే పాఠం ఒకటుంది. తెల్ల పొడి మీద నీళ్ళు పడితే దూరంగా పరుగెత్తాలి. ఒంటి మీద సున్నం పడి మండితే నీళ్ళు పొయ్యకూడదు, పొడిగుడ్డతో దులిపి ఆముదం పట్టించాలి. ఎవరైనా "కాలుతోంది" అంటే ఎవరు, ఎందుకు అని అడగకుండా లేవాలి. ప్రతి ఇంటి గూట్లోనూ ఆముదం సీసా ఉండేది. ఏమైనా పరాచికాలాడుకోవచ్చు గానీ ఆ మాటతో మాత్రం ఎవరూ ఆడరు. మూడేళ్ళ పిల్లలు కూడా ఆడరు.

మా బడి వంతు ఫిబ్రవరి ఆఖర్లో వచ్చింది. అన్ని బళ్ళలోకీ చివరిది. ధనలక్ష్మి టీచరు నలభై మందిమి ఉన్న మా ఏడో తరగతిని బస్సులో తీసుకెళ్ళింది. అందరం బట్టీల పిల్లలమే. ఇస్త్రీ లేని గౌన్లు, నూనె కారే జడలు, బస్సు కిటికీలోంచి ఒకటే కేకలు.

అబ్బ ఖాకీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను చెయ్యి ఊపాను. ఆయన నన్ను చూసి కూడా చూడనట్టు, "వరసలో రండమ్మా, ఏదీ ముట్టుకోమాకండి," అన్నాడు. లోపల కమిటీ సెక్రటరీ గారు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. మర్నాడే కమిటీ మీటింగు, అబ్బ సంగతి తేలేది అందులోనే. పెద్దమనిషి ముందు సొంత పిల్లతో కబుర్లాడితే బాగుండదని అబ్బ అనుకుని ఉంటాడు. ఈ వయసులో నాకది తెలుస్తోంది. ఆ రోజు మాత్రం గుమ్మంలోనే నా మొహం మాడిపోయింది.

వాన బొమ్మ వెతుక్కుని చూశాను. నిజంగానే వాన పడుతోంది. అబ్బ వచ్చి పక్కన నిలబడతాడేమోనని చాలాసేపు అక్కడే ఉన్నాను. రాలేదు.

వెనక గదిలో పొడుగాటి బల్లలు. గోడవారగా చెక్క అరల్లో, ఆ నాలుగు నెలల్లో వచ్చిన పిల్లల చేతి అచ్చులు మూడొందల పైచిలుకు నిలబెట్టి ఉన్నాయి. ఒక్కొక్క దాని కిందా పెన్సిలుతో పేరు, ఊరు. కోటప్పకొండ తిరునాళ్ళకు పేట జనంతో నిండిపోతుంది కాబట్టి, అప్పుడు వాటన్నిటినీ పిల్లలు వేసిన రంగుల బొమ్మలతో కలిపి ప్రదర్శనకు పెట్టాలని అంతోని మాస్టారి ఆశ. ఆ రంగుల కాగితాలు మా బల్ల చివర దొంతరగా పేర్చి ఉన్నాయి.

అబ్బ ఆ పొద్దునే కొత్త బస్తా విప్పాడు. ప్లాస్టర్ కలుపుతుంటే మా వాళ్ళు కొందరు బల్ల దగ్గర నుంచి వెనక్కి జరిగారు. తెల్ల పొడి, నీళ్ళు. ఎంత చెప్పినా మాకు వణుకే.

"భయం లేదు పిల్లా, ఇది మన సున్నం కాదు. వెచ్చబడుద్ది, అంతే," అని నా పక్కనున్న రోశమ్మ చేతికి ఆముదం రాస్తూ చెప్పాడు. "నీ చేతిలో ఎన్ని గీతలున్నయ్యే! నువ్వు కలెక్టరువవుతావు." రోశమ్మ కిలకిలా నవ్వింది.

నా వంతు వచ్చింది. నూనె రాశాడు. చెయ్యి పట్టుకుని పళ్ళెంలో ఆనించాడు. "కదపమాక పాపా," అని పక్కకు వెళ్ళిపోయాడు.

పాపా అన్నాడు. బేటా అనలేదు, పేరు పెట్టీ పిలవలేదు.

నా అరచేతి కింద ప్లాస్టర్ మెల్లగా వెచ్చబడింది. చలికాలం పొద్దున వేడన్నం గిన్నె పట్టుకున్నంత వెచ్చన. హాయిగానే ఉంది. అబ్బ అటు తిరిగి రోశమ్మను మళ్ళీ నవ్విస్తున్నాడు.

"అబ్బా, కాలుతోంది," అన్నాను. గట్టిగా కూడా అనలేదు.

ఇంకే ఊరి పిల్లలైనా నా వైపు చూసి నవ్వి ఊరుకునేవాళ్ళు. మావాళ్ళు నలభై మందీ ఒక్కసారి లేచారు. "సున్నం! సున్నం!" అని ఎవరో అరిచారు. ప్లాస్టర్ అంటిన చేతులు గాల్లో పెట్టుకుని, బల్లలు తోసుకుంటూ, ఒకరి మీద ఒకరు పడుతూ తలుపు వైపు పరుగెత్తారు. అబ్బ ఒక్క అంగలో నా దగ్గరికి వచ్చి, పళ్ళెం విసిరేసి, తువ్వాలుతో నా చెయ్యి తుడిచి, ఆముదం డబ్బా మొత్తం దాని మీద కుమ్మరించాడు. ఆ నూనె బల్ల మీదుగా పారి రంగుల కాగితాల దొంతరలోకి ఇంకింది. అదే సమయానికి పిల్లల తోపులాటకు చెక్క అర ఒరిగింది. మూడొందల చేతులూ బండల మీద పడ్డాయి.

గది ఖాళీ అయ్యాక చూస్తే, నేల నిండా తెల్లటి వేళ్ళ ముక్కలు. రోశమ్మ గడ్డం చీరుకుని నెత్తురు కారుతోంది. ధనలక్ష్మి టీచరు కొంగుతో అదిమిపట్టుకుని, "దేవుడా, దేవుడా" అంటోంది.

అంతోని మాస్టారు అబ్బ విసిరేసిన పళ్ళెం దగ్గరికి నడిచాడు. వంగి, పళ్ళెంలో మిగిలిన ముద్దలో తన చెయ్యి పెట్టి, కాసేపు ఉంచి, తీసి అందరికీ చూపించాడు. "ప్లాస్టరే సర్దార్. ఇందులో ఏమీ లేదు," అన్నాడు నెమ్మదిగా.

సెక్రటరీ గారికి కోపంతో మాట తడబడుతోంది. ఆ బస్తా వచ్చింది వాళ్ళ బావమరిది కొట్టు నుంచి. "అయితే మా సరుకులో సున్నం కలిసిందా, లేకపోతే ఈ పిల్ల అబద్ధమాడిందా? రెండిట్లో ఒకటి చెప్పు."

అబ్బ నా ముందు గొంతుక్కూర్చున్నాడు. "కాలిందా బేటా?" అని అడిగాడు.

ఇప్పుడు బేటా అన్నాడు. అందరూ నన్నే చూస్తున్నారు. "కాలింది," అన్నాను.

నా చెయ్యి తీసుకుని, కుడి కంటికి దగ్గరగా పెట్టుకుని, బొటనవేలితో నూనె పక్కకు తుడిచి చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు. తర్వాత లేచి నిలబడ్డాడు.

"బస్తాలో సున్నం కలిసింది సార్. నా బిడ్డ అబద్ధమాడదు," అన్నాడు.

ఖాకీ చొక్కా అక్కడే విప్పి ఇచ్చి, బనియను మీద తువ్వాలు కప్పుకుని మాతోపాటే బస్సెక్కాడు. దారిలో నేను ఏడుస్తూనే ఉన్నాను. చెయ్యి మండి ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు. బజారుకు వచ్చాక పక్కింటి పోలమ్మత్త పరుగున వచ్చి, గూట్లోంచి తెచ్చిన ఆముదం మళ్ళీ రాసింది. ఎవరి ఇంటికి వెళ్ళినా ఆ రోజు నా చేతికి రాజమర్యాదలే.

వారం తిరిగాక అంతోని మాస్టారు ఎండన పడి మా ఇంటికి వచ్చాడు. అమ్మ మంచం వాల్చి, దుప్పటి పరిచి కూర్చోబెట్టింది. ఆయన మంచినీళ్ళు తాగి, అబ్బ మొహంలోకి చూడకుండా చెప్పాడు.

"సెక్రటరీ గారిని ఒప్పించాను సర్దార్. నీ పని నీకిస్తారు. పర్మినెంటు కూడా చేస్తారు. కాకపోతే అమ్మాయి వచ్చి కమిటీ ముందూ, బడిలో హెడ్మాస్టరు గారి ముందూ కాలలేదని ఒక్క మాట చెప్పాలి. చిన్నపిల్లను ఎవరూ ఏమీ అనరు."

"కాలిందండీ మాస్టారూ," అన్నాడు అబ్బ.

"నేను చెయ్యి పెట్టి చూశానయ్యా."

"మీరు చూసేప్పటికి చల్లారిందేమో."

మాస్టారు లేచాడు. గడప దాటబోతూ నా వైపు ఒకసారి చూశాడు. ఆయనకు నా అబద్ధం సంగతి తెలిసిపోయిందని ఆ చూపుతో నాకు అర్థమైంది. నేను అమ్మ వెనక్కి జరిగాను.

ఆయన అటు వెళ్ళగానే అమ్మ విరుచుకుపడింది. "ఒక్క మాట! ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది? పిల్ల బెదిరిపోయి అరిచిందంటే అయిపోద్ది గదా! ఆ గుడ్డి కన్ను చాల్లేదా? రెండోది కూడా ఆ బట్టీలో పోసొస్తావా? ఏందయ్యా నీ పంతం?"

అబ్బ తలవంచుకుని చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. మర్నాడు పొద్దున మూతికి గుడ్డ కట్టుకుని బట్టీకి వెళ్ళాడు.

ఒంటిపూట బడులు పెట్టాక మధ్యాహ్నం అన్నం క్యారియరు తీసుకెళ్ళే పని నాదయింది. రోజూ ఇవాళ చెప్పేద్దాం అనుకుంటూ వెళ్ళటం, క్యారియరు అందించి రావటం. ఇంట్లో అమ్మ ఏడుపు ఆగలేదు. అబ్బ దగ్గు మళ్ళీ మొదలైంది. కుడి కన్ను చింతనిప్పులా ఎర్రబడింది. ఒకరోజు ఇక తట్టుకోలేకపోయాను. ఆయన రేకుల నీడన కూర్చుని అన్నం కలుపుతుంటే అనేశాను.

"అబ్బా, ఆ రోజు కాలలేదు."

ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగలేదు. "తెలుసులే," అన్నాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"నీ చెయ్యి చూసినప్పుడే. పదిహేడేళ్ళ నించీ చూస్తన్నా. కాలిన చెయ్యి ఎట్టుంటదో నాకు తెలవదా?"

నేను ఆయన పక్కనే నేల మీద కూర్చున్నాను. "మరి ఎందుకు చెప్పలేదబ్బా? నేను వచ్చి చెబుతా. ఇప్పుడే పోదాం పేటకి. అందరి ముందరా చెబుతా."

"చెబితే నా పని నాకొస్తది. నీ సంగతేంది?" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఏదో లెక్క అర్థమయ్యేలా చెబుతున్నట్టు చెప్పాడు. "రోశమ్మ గడ్డానికి ఎనిమిది కుట్లు పడ్డయ్యి. ఆ మాటతో ఆటలాడిందని ఈ బజారుకు తెలిస్తే, రేపు నువ్వు నిజంగా కాలి అరిచినా ఒక్కళ్ళు లేవరమ్మా. నేనుంటే లేస్తా. నేను ఎన్నాళ్ళుంటా?"

నేను ఏడుస్తుంటే తినటం ఆపి, ఎడమచేత్తో నా జడ సర్దాడు. "ఎవరికీ చెప్పమాక. మీ అమ్మకు కూడా. దానికి నోట్లో నువ్వు గింజ నానదు."

అవతల ఎవరో కేకేశారు. అబ్బ గబగబా క్యారియరు మూత పెట్టి నా చేతికిచ్చి లేచాడు. "ఎనక్కి జరుగు. నీళ్ళు పోస్తన్నారు," అన్నాడు. కాల్చిన సున్నపు గడ్డల మీద నీళ్ళు పడి బుస్సుమని తెల్లటి ఆవిరి లేచింది. ఆయన అందులోకి నడిచి వెళ్ళాడు.

డాక్టరు ఏడాది అన్నాడు. కుడి కన్ను పద్దెనిమిది నెలలు నిలిచింది.

చూపు పోయాక అబ్బ ఇంకా పదకొండేళ్ళు బతికాడు. పొద్దస్తమానం వసారాలో మంచం మీద కూర్చుని ఉండేవాడు. అమ్మ బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. పలకరించటానికి ఎవరొచ్చినా అమ్మ అదే కథ మొదలుపెట్టేది. "ఆ చిత్రశాల మాస్టారు గడపలోకొచ్చి బతిమాలాడమ్మా. ఈయన ఒక్క మాట అననన్నాడు. మొండి మనిషి. తన పంతం కోసం కళ్ళు పోగొట్టుకున్నాడు, నా గతి ఇట్టా చేశాడు." వచ్చినవాళ్ళు అబ్బ వైపు చూసి తల ఊపేవాళ్ళు. పోలమ్మత్త అయితే మొహం మీదే తిట్టేది.

"నిజమే జైనాబ్, తప్పు నాదే," అనేవాడు అబ్బ. తర్వాత, "మహమూదా, నీళ్ళియ్యమ్మా," అనేవాడు.

నేను లేచి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆయన చేతికి అందించేదాన్ని. అమ్మ చెబుతున్న కథ అక్కడే నిలబడి చివరిదాకా వినేదాన్ని.